బరువు ఎటు పోతుంది?

రామకృష్ణాపూర్‌లో ఓవర్సీర్ సార్ స్మారకోపన్యాసంగా చెప్పిన మాటల ముద్రిత పాఠం



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా పెట్టుకున్నామో ఆయనకు సభలంటే పడేది కాదు. స్టేజీ మీదికి పిలిస్తే సైటు మీద పనుందని లేచిపోయేవారు. సింగరేణి కంపెనీ సివిల్ డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యాక కూడా ఊరందరికీ ఆయన ఓవర్సీర్ సారే. పేరుతో పిలిచినవాళ్లు తక్కువ కనుక నేనూ ఆ పిలుపే వాడుతాను. గది పెంచాలన్నా, మీద అంతస్తు వేయాలన్నా, గోడ బీట వారినా చాలామంది ముందు ఆయన గడపే తొక్కేవారు. వచ్చి ఇల్లంతా తిరిగి, గోడకు అరచెయ్యి ఆనించి, ఒకటే అడిగేవారు: "ఇది తీస్తే దీని మీది బరువు ఎటు పోతది?"

నేను ఇవాళ చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే. స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ అనగానే పెద్ద డ్యాములు, ఇరవై అంతస్తుల అపార్టుమెంట్లు గుర్తొస్తాయి. నేను మాట్లాడేది నూరు, నూటయాభై గజాల్లో కట్టిన ఇళ్ల గురించి. సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్), గ్రాట్యుటీ పైసలు చేతికొచ్చాక వాటికి చేసే మార్పుల గురించి.

ఈ హాల్లో బొగ్గు బాయి దిగినవాళ్లు చాలామందే ఉన్నారు. బోర్డ్ అండ్ పిల్లర్, అంటే బొగ్గును పిల్లర్లుగా వదిలి తవ్వే పద్ధతి గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. డీపిల్లరింగ్‌లో ఒక పిల్లర్‌ను తీస్తూ పోతుంటే దాని మీదున్న బరువు మాయమైపోదు, పక్క పిల్లర్ల మీదికి ఎక్కుతుంది. వాటి అంచులు రాలుతాయి, దిమ్మలు కిర్రుమంటాయి. అది విన్న మైనింగ్ సర్దార్ మనుషుల్ని వెనక్కి పిలుస్తాడు. కొత్త సపోర్టు నిలబెట్టకుండా పాతది కదిలించడం అక్కడ ఎవరూ చేయని పని. ఇంత తెలిసిన మనిషి ఇంటికొచ్చి, హాలు ఇరుకుగా ఉందని తొమ్మిదంగుళాల గోడను ఇద్దరు కూలీలతో పగలగొట్టిస్తాడు. కింద నేర్చుకున్నదాన్ని పైకి ఎందుకు తేవడం లేదనేదే నా ఫిర్యాదు.

ఇక్కడి పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు. గోడలే స్లాబును మోస్తాయి. స్లాబు బరువు గోడకు, గోడ బరువు బేస్‌మెంటుకు, అక్కణ్నుంచి నేలకు దిగుతుంది. పిల్లర్ల ఇంట్లో బీముల మధ్య కట్టిన గోడ తెర లాంటిది, బరువు మోసే విషయంలో దాన్ని తీసేసినా పెద్ద ప్రమాదం లేదు. గోడలు మోసే ఇంట్లో అదే గోడ కాలు. ఏది ఏదో తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. స్లాబు కింద, గోడ పైభాగంలో ఒకచోట ప్లాస్టర్ చెక్కి చూడండి. స్లాబు నేరుగా ఇటుక మీద కూర్చుంటే అది మోసే గోడ. మధ్యలో కాంక్రీటు బీము కనిపిస్తే, ఆ బీము కొనలు వేటి మీద ఆగాయో చూడాలి. బీము కనిపించగానే పిల్లరుందని అనుకోవడానికి లేదు. లింటెల్‌ను చూసి బీమనుకున్నవాళ్లను కూడా చూశాను.

కొంచెం లెక్క చెప్పుకుందాం. పది బై పన్నెండు గది. అయిదంగుళాల స్లాబు, మీద ఫ్లోరింగు, మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 600 కిలోలు. గది మొత్తానికి దాదాపు 7 టన్నులు. పదడుగుల ఎత్తున్న తొమ్మిదంగుళాల ఇటుక గోడ మీటరు పొడవుకు 1.4 టన్నులు తూగుతుంది. ఆ గది చుట్టూ నాలుగు గోడలూ కలిపితే, తలుపులు కిటికీల జాగా తీసేసినా 15 టన్నులకు తగ్గదు. అందరూ స్లాబును చూసి భయపడతారు, గోడను లెక్కలోకి తీసుకోరు. నిజానికి గోడే రెండింతలు బరువు. మీద గదులు వేసేటప్పుడు లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలకు తగ్గించినా, తేలిక బ్లాకులతో కట్టినా పునాదికి ఎంత ఊరటో దీన్నిబట్టి చూడండి.

ఇప్పుడు అలాంటి రెండు గదుల మధ్య గోడ తీయాలనుకుందాం. రెండు వైపుల స్లాబుల్లో సగం సగం దాకా ఆ గోడ మీద ఉండొచ్చు. అంటే సుమారు 7 టన్నులు. గోడ పొడవునా పరుచుకున్న ఆ బరువును ఒక బీము ఎత్తుకుంటే, రెండు కొనల్లో మూడున్నర టన్నుల చొప్పున దిగుతుంది. బీము గట్టిదే వేస్తారు, దాని కొన కింద ఏముందో చూడరు. పాత ఇటుక మీద జానెడు జాగాలో మూడున్నర టన్నులు పెడితే ఇటుక నలిగే ప్రమాదం ఉంది. అందుకే కొనల కింద కాంక్రీటు బెడ్ బ్లాకు వేసి బరువును పంచాలి. అక్కడి గోడ మరీ నాసిగా ఉంటే కొత్త ఫుటింగు వేసి పిల్లర్ లేపాలి.

పని వరస ముఖ్యం. ముందు గోడకు రెండు పక్కలా, రెండడుగుల ఎడంలో, పొడవాటి దుంగ ఆనించి ప్రాపులు పెట్టాలి. ప్రాపు కింద పలక ఉండాలి, లేకపోతే టైల్ పగిలి లోపలికి దిగుతుంది. తర్వాత గోడకు ఒక వైపు నుంచి సగం మందం గాడి కొట్టి ఒక ఇనుప చానల్ పెట్టి, పైన సందు లేకుండా సిమెంటు మాల్ దట్టించాలి. అది గట్టిపడ్డాక రెండో వైపు గాడి, రెండో చానల్. రెండింటినీ ఆరపార బోల్టులతో బిగించాలి. ఆ తర్వాతే కింది ఇటుకలు తీయాలి. ప్రాపులు చివరికి, అదీ ఒక్కొక్కటిగా. సుతారి పనివాళ్లు ఒక్కరోజులో అయిపోతుందని చెబితే నమ్మకండి.

వాస్తు గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఈశాన్యంలో మెట్లున్నాయని, దక్షిణం కిటికీ మూయాలని, గుమ్మం రెండడుగులు జరపాలని వచ్చేవాళ్లు మా దగ్గరికి వచ్చేవాళ్లలో తక్కువేమీ కాదు. నమ్మకం మీది, నేను కాదనను. కానీ గుమ్మం జరిపితే లింటెల్ జరగాలి. పాత గుమ్మం జాగాలో పెట్టిన కొత్త ఇటుక పాత గోడతో పళ్లు కలవాలి. మూల మీద గుమ్మం తెరిస్తే ఆ మూల ఇక గోడలా పనిచేయదు. వాస్తు చెప్పినాయన బరువు సంగతి చెప్పడు, అడిగినా చెప్పలేడు.

ఇక మీద అంతస్తు. సింగరేణి భూముల్లోని ఇళ్లకు జీవో 76 కింద పట్టాలు వచ్చినప్పటి నుంచీ ఈ బెల్టులో చాలామందికి కలిగిన ధైర్యం ఇది. ఇల్లు మనదైంది, పైన రెండు గదులు వేస్తే కొడుకుకో, కిరాయికో పనికొస్తుంది. కానీ చాలా ఇళ్లను కట్టినప్పుడు స్థలం తమదవుతుందన్న నమ్మకం లేదు. పునాది కూడా ఆ అనుమానంతోనే తవ్వారు, రెండడుగులో రెండున్నరో. అందుకే మొదటి పని మేస్త్రితో రేటు మాట్లాడటం కాదు, ఇంటి బయట రెండు చోట్ల గుంత తీసి పునాది ఎంత లోతు, ఎంత వెడల్పు, కింద మొరమా రేగడా అని కళ్లతో చూడటం. గుంత గోడ పొడవునా కాకుండా ఒక మీటరు మించకుండా, చూసిన రోజే పూడ్చేలా తీయాలి. పునాదిని చూడబోయి పునాది కింద మట్టి లాగేసుకుంటే అది ఇంకో కథ అవుతుంది.

పాత ఇంటికి ముందు కొత్తగా పిల్లర్ల గది కట్టి రెండింటినీ కలిపేయడం ఇక్కడ మామూలు. పాత ఇల్లు దిగాల్సినంత ఎప్పుడో దిగిపోయింది. కొత్తది ఇప్పుడు దిగడం మొదలుపెడుతుంది. కలిపిన చోట ఏడాది తిరక్కుండా నిలువునా గీత పడుతుంది. అది రాకుండా ఆపాలని చూడకండి, దానికి దారి ఇవ్వండి. రెండు కట్టడాల మధ్య అంగుళం సందు వదిలి, పైన రేకు పట్టీతో కప్పి, లోపల మెత్తటి ఫిల్లర్ పెట్టండి. గీత ఉంటుంది, నీళ్లు దిగవు, ఎవరికీ నష్టం లేదు.

స్లాబు సంగతికి వస్తాను. బాయిలో రూఫ్ మంచిదో కాదో సర్దార్ కర్రతో కొట్టి శబ్దం వింటాడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే పొర విడిపోయింది. ఇంటి స్లాబుకు కూడా అంతకంటే మంచి మొదటి పరీక్ష లేదు. చిన్న సుత్తితో అడుగడుగుకూ కొట్టుకుంటూ, డొల్ల పలికినంత మేరా చాక్‌పీసుతో గీత గీయండి. పది నిమిషాల్లో మీ స్లాబు పటం వస్తుంది. ఓవర్సీర్ సారు ఈ పని స్టూలెక్కి తనే చేసేవారు. పాత ఇళ్లలో ఆయన గీసిన గీతలు ఎక్కువగా బాత్రూము మీద, వంటింటి మీద ఉండేవి. బాత్రూములో తడి ఆగదు. వంటింట్లో ఏళ్ల తరబడి బొగ్గు పొయ్యి మండింది.

లోపల జరిగేది ఇది. మంచి కాంక్రీటులో సున్నపు గుణం ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది. అందులో ఉన్నంతకాలం సలాకకు తుప్పు పట్టదు. గాలిలోని, పొగలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి ఇంకి ఆ గుణాన్ని చంపుతుంది. పీహెచ్ 9 దరిదాపులకు పడిపోయాక తడి తగిలితే తుప్పు మొదలు. తుప్పు అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్లు జాగా తీసుకుంటుంది, కాంక్రీటును కిందికి తోస్తుంది, పెచ్చులూడతాయి. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 స్లాబు సలాక కింద 20 మిల్లీమీటర్ల కవర్ ఉండాలంటుంది. సెంటరింగ్ రేకు మీద సలాకను నేరుగా పరిచి పోసిన స్లాబుల్లో అది అయిదు కూడా ఉండదు. ముప్పై ఏళ్ల తర్వాత ఖర్చు పెట్టించే లోపం, పోసిన రోజున కవర్ బ్లాకుల సంచితో పోయేది.

పెచ్చులూడిన చోట పైపైన ప్లాస్టర్ కొట్టడం డబ్బు దండగ. సలాక వెనక వేలు దూరేంత వరకు చెడిన కాంక్రీటు తీసేయాలి. తుప్పును వైరు బ్రష్షుతో మెరిసేలా గీకాలి. సలాక అయిదో వంతు కరిగిపోయి ఉంటే పక్కన కొత్తది కలపాలి. ఆ తర్వాతే పూత, పాలిమర్ కలిపిన మాల్. ఇదంతా జరిగేటప్పుడు స్లాబు కింద ప్రాపులుండాలి. గది మొత్తం డొల్ల పలికితే మరమ్మతు మాట మాని కొత్త స్లాబుకు లెక్క వేసుకోండి. అనుమానం తీరకపోతే కోర్ తీయించండి. గ్లాసంత కాంక్రీటు ముక్క తీసి ల్యాబులో నలగ్గొడతారు. ఐఎస్ 456 ప్రకారం కోర్‌ల సగటు బలం అనుకున్న గ్రేడులో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75కు తగ్గకూడదు. రీబౌండ్ హ్యామర్ ఒక్కదానితో తీర్పు చెప్పేవాళ్లతో జాగ్రత్త. అది కాంక్రీటు చర్మాన్నే చూస్తుంది.

సజ్జలు, బాల్కనీలు వేరే జాతి. మామూలు స్లాబుకు ఇనుము కింద కావాలి, బయటికి వేలాడేదానికి పైన కావాలి. పోసే రోజున ఆ పైసలాకల మీదే తట్టలు మోసుకుంటూ నడుస్తారు. అయిదంగుళాల బాల్కనీ స్లాబులో పైసలాక రెండంగుళాలు కిందికి తొక్కుకుపోతే బలం సగానికి పడిపోతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. స్లాబు పోసే రోజు ఇంటి యజమాని వంటవాళ్ల దగ్గర కాకుండా బాల్కనీ దగ్గర నిలబడితే మేలు.

ఇప్పుడు ఈ ఊళ్లో నన్ను అందరూ అడిగే విషయానికి వస్తాను. గోడకు బీట పడింది. ఓసీ (ఓపెన్‌కాస్ట్ గని) బ్లాస్టింగ్ వల్లనా, కాదా? ఇంటివాళ్లు అవునంటారు. అవతలివాళ్లు కట్టడమే నాసిరకం అంటారు. రెండు మాటలూ గోడను చూడకముందే తయారుగా ఉంటాయి. బీటకు ఒక దిక్కు ఉంటుంది, ఒక వెడల్పు ఉంటుంది, ఒక కాలం ఉంటుంది. ఈ మూడూ చదివితే చాలావరకు తనే చెబుతుంది.

పై అంతస్తులో, సరిగ్గా స్లాబు కింద అడ్డంగా పోయిన బీట ఎండది. రామగుండం ఎండలు మీకు తెలుసు, 45 డిగ్రీలు ఇక్కడ వింత కాదు. పన్నెండు మీటర్ల స్లాబు 30 డిగ్రీల తేడాకు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. గోడ అంత సాగదు. స్లాబు తోస్తుంది, గోడ తెగుతుంది. మిద్దె మీద తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేస్తే సగం తగ్గుతుంది. పిల్లర్‌కు ఇటుకకు మధ్య నిలువు గీత రెండు వస్తువులు రెండు తీర్లుగా కుంచించుకోవడం వల్ల వచ్చేది. ప్లాస్టర్ కింద కోడి జాలీ కొట్టి ఉంటే రాదు. దాని గురించి నిద్ర చెడగొట్టుకోకండి.

కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగిన బీట పునాదిది. అది వేసవిలో విప్పుకుని వానల్లో మూసుకుంటే కింద నల్లరేగడి ఉన్నట్టే. రేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. ఇల్లు దాని మీద ఏటా ఒకసారి లేచి ఒకసారి కూర్చుంటుంది. రేగడిలో కొత్తగా కట్టేవాళ్లకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎప్పుడో దారి చూపింది: మూడున్నర మీటర్ల లోతుకు దిగి, అడుగున ఉబ్బెత్తుగా తవ్విన అండర్ రీమ్డ్ పైళ్లు. పాత ఇంటికైతే చవకైన మందు నీళ్లను దూరం పెట్టడమే. గోడ చుట్టూ నాలుగడుగుల సిమెంటు అప్రాన్, స్నానాల నీళ్లకు మోరీ. గోడ పక్కనే పెంచుకున్న వేపచెట్టు కూడా వేసవిలో రేగడిలోని తడినంతా లాగేస్తుంది. చెట్టును కొట్టేయమనడం లేదు, ఆ సంగతి తెలుసుకోమంటున్నాను.

కుంగుడుది వేరే ముఖం. కింద బొగ్గు తీసిన ఖాళీ (గోఫ్) కూలాక పైన నేల పళ్లెంలా దిగుతుంది. పళ్లెం మధ్యలో నేల నొక్కుకుంటుంది, అంచుల్లో సాగుతుంది. ఇటుక నొక్కితే తట్టుకుంటుంది, సాగదీస్తే తట్టుకోదు. కాబట్టి దెబ్బతినేవి ఎక్కువగా అంచుల మీది ఇళ్లు. ఇళ్లు, రైలు పట్టాల కింద నేల సాగుదలకు మన దగ్గర పాటించే హద్దు మీటరుకు 3 మిల్లీమీటర్లు. ఆ ఖాళీని ఇసుకతో నింపి స్టోయింగ్ చేస్తే కుంగుడు చాలా తక్కువ. గోదావరి ఇసుకను బాయిల్లోకి దింపింది అందుకే. కుంగుడు బీటను గుర్తుపట్టడం కష్టం కాదు. అది ఇంట్లో ఆగదు. గోడ దిగి, వాకిలి దాటి, ప్రహరీని చీల్చి, రోడ్డు అవతల ఎదురింట్లోకి అదే వరసలో పోతుంది. మీ ఇంట్లో బీట చూసిన రోజున బయటికొచ్చి నేల చూడండి, పక్కింటివాళ్ల గోడ చూడండి.

బ్లాస్టింగ్ కంపనాలకు గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) 1997లో 7వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. నేల ఎంత వేగంతో ఊగుతోందో సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు. అది ఎన్నిసార్లు ఊగుతోందన్నదాన్ని బట్టి హద్దు మారుతుంది. గని యజమానివి కాని ఇళ్లకు, ఊపు సెకనుకు 8 సార్లకు లోపుంటే హద్దు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, ఆపైన 15. యజమాని సొంత క్వార్టర్లకు అవే 10, 15, 25. పురాతన కట్టడాలకు, బొక్కలగుట్ట గాంధారి ఖిల్లా లాంటివాటికి, 2, 5, 10. ఈ అంకెల్లో ఒకటి గమనించండి. ఒకే వీధిలో క్వార్టర్ గోడకు 10 వరకు ఒప్పు, దాని పక్కన సొంతింటి గోడకు 5. ఇటుక రెండింట్లోనూ అదే. తేడా యజమాని ఎవరన్నదే. క్వార్టర్‌లో కాపురం ఉండే మనిషి కూడా సొంతింటి మనిషంత మనిషే కదా అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తక్కువ ఊపులకు హద్దు ఎందుకు తగ్గించారంటే, ఒకటి రెండంతస్తుల ఇళ్లు తమంతట తాము సెకనుకు 4 నుంచి 12 సార్లు ఊగే స్వభావం ఉన్నవి. నేల కూడా అదే లయలో ఊగితే ఇల్లు దాన్ని పెంచుకుంటుంది. పేలుడు మందు పరిమాణం గురించి కూడా ఒక అపోహ ఉంది. మొత్తం ఎన్ని టన్నులు పేల్చారన్నది కాదు, ఒక డిలేలో, అంటే ఒకే క్షణంలో, ఎంత పేలిందన్నది ముఖ్యం. దూరం రెట్టింపైతే కంపనం సాధారణంగా మూడో వంతు దగ్గరికి పడిపోతుంది. కిటికీ అద్దాలు గలగలమనేది చాలాసార్లు నేల వల్ల కాదు, గాలి ఒత్తిడి వల్ల. మనిషి ఒళ్లు చాలా సున్నితమైన మీటరు, గోడకు హాని చేసే కంపనంలో పదో వంతునే పట్టేస్తుంది. అమెరికా గనుల బ్యూరో 1980 నాటి నివేదికలో తేలిందేమంటే, తలుపు గట్టిగా వేయడం, రోజువారీ ఎండా తేమా మార్పులు గోడలో పుట్టించే సాగుదల ఒక మోస్తరు బ్లాస్టింగ్ పుట్టించేదానికి తీసిపోదు.

ఇది విని కంపెనీ పక్షం మాట్లాడుతున్నానని అనుకోకండి. హద్దు దాటిన కంపనం గోడను చీలుస్తుంది. హద్దు లోపలిది కూడా, ఎండవల్లో రేగడివల్లో ముందే పుట్టిన బీటను పొడిగించగలదు. అందుకే మీ దగ్గర రుజువుండాలి. గోడకు స్కేలు ఆనించి, తేదీ కనిపించేలా ఫోటో తీసుకోండి. వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి. ఓవర్సీర్ సారు ఇంకో పని చేసేవారు. బీటకు అడ్డంగా సన్నటి గాజు పలకను రెండు చివరలా సిమెంటుతో అతికించి, దాని పక్కన పెన్సిల్‌తో తేదీ రాసేవారు. బీట కదిలితే గాజు పగులుతుంది, సాగదు, అబద్ధమాడదు. గాజు పగిలిన రోజు తెలిస్తే ఆ రోజు కంపన రీడింగులు అడగొచ్చు. సింగరేణి ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. వేగం ఒక్కటే ఇస్తే ఊరుకోకండి, ఫ్రీక్వెన్సీ కూడా అడగండి. రెండోది లేకుండా మొదటిదానికి అర్థం లేదు. గాజు మూడు కాలాలూ పగలకపోతే ఆ బీట పాతది, చచ్చింది. పూడ్చి సున్నం వేసుకోండి.

భూకంపం గురించి క్లుప్తంగా. గోదావరి లోయ కదిలే లోయే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర, 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు జిల్లాలో వచ్చినవి మీకు తెలుసు. రెండోది 5.3 తీవ్రత, హైదరాబాదు దాకా ఊపింది. లోయ వెంట చాలా భాగాన్ని మూడో భూకంప జోన్‌లో పెట్టారు. మూడో జోన్‌లో పిల్లర్ ఏ పక్క చూసినా 300 మిల్లీమీటర్లకు, అంటే పన్నెండు అంగుళాలకు, తగ్గకూడదని ఐఎస్ 13920 చెబుతుంది. మన దగ్గర తొమ్మిది బై తొమ్మిది పిల్లర్లు. పన్నెండు అంటే మేస్త్రి నవ్వుతాడు. గోడ తొమ్మిదైతే పిల్లర్ మూల గదిలోకి పొడుచుకొస్తుంది, బీరువా పట్టదు అంటాడు. బీరువా పక్కకు జరుగుతుంది. రింగుల కొక్కేలు 90 డిగ్రీల దగ్గర ఆపకుండా 135 వరకు లోపలికి వంచడానికి అదనంగా పైసా ఖర్చు లేదు. బీము దగ్గర రింగులు మూడంగుళాలకు ఒకటి పడాలి. కింద అంతా షట్టర్లు పెట్టి పైన ఇటుక గదులు కట్టే ఇళ్లున్నాయి చూశారూ, కింది అంతస్తులో గోడల్లేక కాళ్లు బలహీనమైనవి, 2001లో భుజ్ భూకంపానికి అహ్మదాబాదులో కూలినవాటిలో ఆ రకం చాలా ఉన్నాయి.

అనుమతుల సంగతి. టీఎస్ బీపాస్ చట్టం 2020లో వచ్చాక 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. కాగితం తేలికైంది, మంచిదే. కానీ ఇంతకుముందు ఆ కాగితం కోసమైనా ఒక ఇంజినీరు ప్లాను మీద సంతకం పెట్టేవాడు. ఇప్పుడు చిన్న ఇంటికి ఆ ఒక్క జత కళ్లు కూడా లేవు.

ముగించే ముందు మిద్దె మీద వదిలేసిన సలాకల గురించి అడుగుతారని తెలుసు కాబట్టి చెప్పేస్తాను. ఈ ఊళ్లో ఏ మిద్దె ఎక్కినా పిల్లర్ల మీద నాలుగేసి సలాకలు ఆకాశం చూస్తూ ఉంటాయి, రేపు కొడుకు అంతస్తు వేస్తాడని. కొన్నిటికి ఖాళీ సీసాలు బోర్లించి ఉంటాయి. పదేళ్లు వానకు ఎండకు ఉన్నాక ఆ సలాకలు మొదట్లోనే, స్లాబులోంచి లేచే చోటే, ఎక్కువ తింటాయి, ఎందుకంటే నీళ్లు నిలిచేది అక్కడే. ఇప్పటికే వదిలేసినవాళ్లు తుప్పు గీకి, సిమెంటు పాలు పూసి, పొడవంతా బీద కాంక్రీటుతో దిమ్మె కట్టేయండి. రేపు పగలగొట్టడం తేలిక. వేసేవాళ్లు పొడవు కూడా చూసుకోవాలి. కొత్త సలాకకు అతుకు పొడవు సలాక మందానికి సుమారు 50 రెట్లు ఉండాలి. 12 ఎంఎంకు రెండడుగులు, 16 ఎంఎంకు రెండడుగుల ఎనిమిదంగుళాలు. అడుగున్నర వదిలి రింగు చుట్టి పోసేస్తే అది అతుకు కాదు. సలాకను వెర్నియర్‌తో కొలిచినప్పుడు 12కు బదులు 10 చూపిస్తే, అంటే బలంలో మూడో వంతు దాకా పోయినట్టే, ఆ సలాకను లెక్కలోంచి తీసేసి పిల్లర్ చుట్టూ జాకెట్ వేయాలో, పక్కన రంధ్రం వేసి రసాయనంతో కొత్త సలాక నాటాలో ఇంజినీరుతో తేల్చుకోండి. మేస్త్రితో రేటు మాట్లాడేది ఆ తర్వాతే.